అత్త పాటలు, మా ప్రింటరు

మా ఇంట్లో ప్రింటరు మావాడిది. బీటెక్ రికార్డుల కోసం కొనిపించుకున్నాడు. ఉద్యోగం వచ్చి బెంగళూరు పోయాక అది కంప్యూటర్ పక్కన గుడ్డ కప్పుకొని కూర్చుంది. ఎప్పుడైనా నేనే ఒకటీ అరా కాగితం తీసుకునేదాన్ని. "అమ్మా, సెట్టింగులు మాత్రం ముట్టుకోవద్దు, నేనొచ్చినప్పుడు చూస్తా" అని చెప్పి పోయాడు. ముట్టుకోలేదు. ఏదైనా సరిగ్గా రాకపోతే కర్నూలు సీ క్యాంపులో జిరాక్స్ షాపుకు పోయేదాన్ని.

చివరికి మా అత్త కోసం ముట్టుకోవాల్సి వచ్చింది.

మా అత్తది కడప దగ్గర పల్లె. నలుగు, తలంబ్రాలు, హారతి, అప్పగింతలు... పెళ్లిలో ఏ ఘట్టానికి ఆ పాట ఆమె నోట్లో ఉంటుంది. వాళ్లమ్మ పాడుతుంటే విని రాసుకున్న నోట్సు ఒకటుంది, పేజీ తిప్పితే అంచులు రాలతాయి. పోయినేడు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. అయినా సన్నక్షరాలు కనపడటం లేదు. కంటి లోపలి పొర దెబ్బతినింది, ఇంతకంటే చూపు రాదన్నారు.

ఇంతలో ప్రొద్దుటూరులో మా ఆడబిడ్డ కూతురి పెళ్లి కుదిరింది.

"నేను రాన్లేమ్మే. నోట్సు కనపడదు. మధ్యలో మరిచిపోతే నవ్వుతారు. మీరు పోయిరాండి" అంది అత్త.

ఆమె పాట లేకుండా మా ఇళ్లల్లో ఒక్క పెళ్లీ జరగలేదు. ఇప్పుడు సొంత మనవరాలి పెళ్లికి రానంటోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నోట్సులో ఉన్నవన్నీ పెద్దక్షరాల్లో ప్రింట్ తీసిస్తే? ఫోన్లో తెలుగు కొట్టడం అలవాటే కాబట్టి కంప్యూటర్లోనూ నేర్చుకున్నా. రోజూ సంగటి కెలికి, గిన్నెలు కడిగాక ఒక్కో పాట. మొత్తం ఇరవై రెండు పాటలు. అక్షరం సైజు 24 పెట్టి, కాగితాలు ఎక్కువ కాకూడదని చుట్టూ అర అంగుళమే వదిలి, పీడీఎఫ్ చేశా.

మొదటి కాగితం బూడిద రంగులో వచ్చింది. ఇంకు అయిపోయిందనుకున్నా. కాదు, మావాడు ఇంకు మిగలాలని క్వాలిటీ దగ్గర 'డ్రాఫ్ట్' పెట్టి పోయాడు. ప్రింట్ కొట్టే ముందు వచ్చే పెట్టెలో 'నార్మల్' చేస్తే నల్లగా వచ్చింది. మర్నాడు చూస్తే మళ్లీ బూడిదే! అక్కడ మార్చింది ఆ పూటకే. ఎప్పటికీ ఉండాలంటే సెట్టింగుల్లో మన ప్రింటర్‌ను తెరిచి, 'ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్'లో మార్చాలి. ఈ ఒక్క సంగతి తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అన్నీ తీసి, ఒకసారి చూసుకొని, దారంతో కుట్టి అత్త చేతిలో పెట్టా. ఆమె వాకిట్లో వెలుతురుకు కూర్చొని కాగితం ముఖానికి దగ్గరగా పట్టుకొని పాట ఎత్తుకుంది. పేజీ తిప్పగానే ఆగింది.

"ఏమ్మే, ఈడ ఒక లైను మింగినావే?"

"లేదత్తా, అన్నీ కొట్టినా."

"కొట్టింటే యాడ పాయ? పెండ్లికూతురికి పసుపు పూసేది ఉండాది, కుంకం పెట్టేది లేదే!"

లోపలికి పోయి చూస్తే కంప్యూటర్లో ఆ లైను ఉంది, కాగితం మీద లేదు. అన్ని పేజీల్లోనూ కడపటి లైను పోయింది. కళ్లు బాగున్న నేను చూసుకొని కూడా కనిపెట్టలేదు.

మావాడికి ఫోన్ చేస్తే "ఫిట్ పెట్టమ్మా" అన్నాడు. పెడితే పేజీ అంతా పట్టింది కానీ అక్షరం చిక్కిపోయింది. నాకు కావలసింది పెద్దక్షరం. మళ్లీ ఆ ప్రిఫరెన్సెస్‌లోనే వెతికితే, పేపర్ సైజు దగ్గర 'లెటర్' అని ఉంది. అది అమెరికా వాళ్ల కాగితం, 279 మిల్లీమీటర్ల పొడవు. మనం షాపులో కొనేది ఏ4, 297. ట్రేలో ఏ4 పెట్టినా ప్రింటరు మాత్రం పొట్టి కాగితమనుకొని కింద 18 మిల్లీమీటర్లు వదిలేస్తోంది. 'ఏ4' అని మార్చి, ప్రింట్ కొట్టేటప్పుడు 'యాక్చువల్ సైజ్' పెట్టా. కుంకం లైను వచ్చింది.

కడపలో బ్రౌన్ గ్రంథాలయం చాలామంది చూసే ఉంటారు. 1820లో కడపకు వచ్చిన సీపీ బ్రౌన్ తన బంగళాలో పండితులను పెట్టి తాళపత్రాల్లోని కావ్యాలను కాగితం మీదికి ఎక్కించాడు. ఒక ప్రతిని ఇంకో ప్రతితో పోల్చి తప్పులు దిద్దించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు గ్రంథాలయం ఉంది. పోల్చి చూసుకోవడానికి నాకు ఇంకో ప్రతి అక్కర్లేకపోయింది, అత్త ఉంది. మళ్లీ అన్నీ తీశాక ఆమె పాడుతుంటే నేను వేలు పెట్టి లైను లైనూ చూసుకున్నా. నేను కొట్టడంలో చేసిన తప్పులు ఇంకో తొమ్మిది దొరికాయి.

పెళ్లికి అత్త వచ్చింది. నలుగు దగ్గర కాగితాలు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. పాడినంతసేపూ ఒక్కసారి కూడా వాటిలోకి చూడలేదు.

"చూడకుండానే పాడితివే, ఇంత కష్టపెట్టి ఎందుకు కొట్టిస్తివత్తా?" అని నవ్వుతూ అడిగా.

"ఒళ్లో ఉండాయి కదమ్మే, అందుకే నోట్లోకొచ్చె" అంది.

మొన్న పండక్కి మావాడు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "ప్రింటర్ సెట్టింగులు ఎవరు మార్చినారమ్మా?" అన్నాడు.

"నేనే. నువ్వు ముట్టుకోవద్దు" అన్నా.