టికెట్ అడగని రన్‌వే

ఒంగోలు నుంచి గుంటూరు వచ్చే బస్సు మేదరమెట్ల దాటాక కొరిశపాడు దగ్గర రోడ్డు ఒక్కసారిగా విశాలం అవుద్ది. టైర్ల చప్పుడు మారుద్ది. బస్సులో సగం మంది నిద్రలో ఉంటారు. తాము రన్‌వే మీద వెళ్తున్నామని వాళ్లకి తెలీదు.

జాతీయ రహదారి 16 మీద పిచ్చికలగుడిపాడు, రేణింగవరం మధ్య 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పుతో వేసిన కాంక్రీటు రోడ్డు ఇది. యుద్ధంలోనో, విపత్తులోనో వైమానిక దళం విమానాలు దిగడానికి జాతీయ రహదారుల సంస్థ కట్టింది. దక్షిణాదిలో ఇలాంటిది ఇదే మొదటిది. మామూలు రోజుల్లో లారీలు, మిర్చి టిక్కీల ట్రాక్టర్లు తిరుగుతాయి. టెర్మినల్ లేదు, టికెట్ కౌంటర్ లేదు, కాఫీ అంతకన్నా లేదు. మా సీఎస్ఈ భాషలో చెప్పాలంటే బ్యాకప్ సర్వర్. మెయిన్ సర్వర్ పడిపోయిన రోజే దాని విలువ తెలుస్తుంది.

మన జిల్లాలకి రన్‌వే కొత్తేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్ వాళ్లు దొనకొండలో ఒకటి కట్టారు. యుద్ధం అయిపోయింది, విమానాలూ పోయాయి. ఇక్కడ మాత్రం రన్‌వేని ఊరికే ఎండబెట్టకుండా రోజూ వాడుకుంటున్నారు. ఆ ఐడియా నాకు భలే నచ్చింది.

2022 డిసెంబరు 29న మొదటి ట్రయల్ జరిగింది. ఆ రోజు విమానాలు కిందికి వచ్చి, దిగకుండానే పైకి లేచిపోయాయి. 2024 మార్చి 18న రెండోది. మాకు ఇంటర్ పరీక్షలు, వెళ్లలేకపోయా. ఫోన్‌లో వీడియో చూశా. సుఖోయ్-30 వస్తుంటే ఒళ్లు పులకరించింది. కానీ అది ఈసారీ దిగలేదు. దిగినవి లావుపాటి ఏఎన్-32, చిన్న డోర్నియర్. నాకు కాస్త నిరాశ.

ఆ వీడియో అమ్మమ్మకి చూపించా. వాళ్లది బాపట్ల వైపు సముద్రం దగ్గరి ఊరు. సుఖోయ్ వచ్చినప్పుడు ఏమీ అనలేదు. ఏఎన్-32 ఆగాక మాత్రం అడిగింది: "ఇందులో ఏమేసుకొస్తార్రా?"

"మనుషుల్ని, సామాన్లని. ఆరు టన్నులు పైనే పడుద్ది అమ్మమ్మా."

"బియ్యం కూడానా?"

అప్పుడు చెప్పింది. 1977 నవంబరు 19 తుపాను. దివిసీమలో ఉప్పెన వేలమందిని మింగింది. బాపట్ల వైపూ వదల్లేదు. అమ్మమ్మ అప్పటికి కొత్త కోడలు. "చెట్లు అడ్డంపడి ఎడ్లబండి కూడా కదల్లా. హెలికాప్టరొచ్చి అన్నం పొట్లాలు ఏసింది. సగం బురదలో పడ్డయ్. ఏరుకుని, పైపైన తీసేసి తిన్నాం. మీ పెద్దమామ నా కడుపులో ఉన్నాడు."

ఇన్నేళ్లలో ఈ మాట మాకెవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, "మీరు విమానాల గురించి ఎప్పుడడిగార్లే" అంది.

నేను గూగుల్‌లో వెతికింది సుఖోయ్ స్పీడు. ఆమె వెతికింది బియ్యం మూట. ఆ రోడ్డు కట్టడానికి చెప్పిన కారణాల్లో వరదలు, తుపాన్ల సహాయం కూడా ఉంది. నేనా వాక్యం చదివి కూడా దాటేశా.

గొప్పగా చెప్పా, ఇక భయం లేదు, నేరుగా దిగుతాయి అని. అమ్మమ్మ కాసేపు ఆలోచించింది.

"దిగితే మంచిదే. అక్కణ్ణించి మా ఊరికి ఎట్టా తెస్తార్రా? మా డొంక వానకే మునుగుద్ది."

నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఆ రోడ్డు మీదుగా వచ్చినప్పుడల్లా 4.1 కిలోమీటర్లు అయిపోయాక ఏముందో చూస్తున్నా.