వంద పేర్ల నోటుబుక్కు

మా నాయన రొయ్యల చెరువు మీద కాపలా. రాత్రంతా గట్టు మీద, పగలు మేత మోత. భీమవరం చుట్టూ పొలాలు చెరువులైపోయాక మా పేట మగోళ్లకి కోతలు పోయి కాపలాలు మిగిలాయి. నేను 1998లో డిగ్రీ పాసై ఖాళీగా ఉన్నాను. అప్పుడే పాత పుస్తకాల కొట్లో యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ దొరికింది. తర్వాత డేల్ కార్నెగీ పుస్తకానికి తెలుగు. మా అమ్మ బైబిలు చదివినట్టు చదివాను.

అబద్ధం ఎందుకు, అవి నాకు మేలు చేశాయి. తలొంచుకుని మాట్లాడ్డం మా ఇంట్లో తాతల నాటి అలవాటు. అద్దం ముందు నిలబడి గొంతు పెంచడం నేర్చుకున్నాను. ఆ రోజు పనులు కాయితం మీద రాసుకోవడం నేర్చుకున్నాను. నలుగురిలో నోరు విప్పాను. అంతకుముందు మాకు ఈ ముక్క చెప్పినోళ్లు లేరు.

ఎవరి పేరు వాళ్లకి తీపి, గుర్తుపెట్టుకుని పిలవమంటాడు కార్నెగీ. మంచిదే. కాని మా ఊళ్లో అద్దె గదికి వెళ్తే పేరుతో ఆగరు. ‘ఇంటిపేరో?’ అంటారు. చెప్పగానే, ‘మొన్నే ఇచ్చేశాం బాబూ’. నేను నవ్వుతూనే బయటికొచ్చాను. నవ్వమని కూడా ఆ పుస్తకంలోనే ఉంది.

ఆ తర్వాత గొలుసు వ్యాపారం. ఒక స్నేహితుడు నాకు టై కట్టి కల్యాణ మండపంలో మీటింగుకి తీసుకెళ్లాడు. ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి ‘నేనూ ఒకప్పుడు ఏమీ లేనోణ్ణే’ అంటుంటే మా చర్చి ఉజ్జీవ కూటాల్లో సాక్ష్యాలు గుర్తొచ్చాయి. అక్కడ దేవుడు, ఇక్కడ కమీషను. నమ్మితే జరుగుతుంది, జరక్కపోతే నీ నమ్మకం చాల్లేదు. రెండు చోట్లా తప్పు నమ్మినోడిదే.

‘తెలిసినవాళ్లవి వంద పేర్లు రాయండి’ అన్నారు. నా పక్కన చెరువుల ఆసామి కొడుకు. అతని వందలో రైసుమిల్లుల వాళ్లు, డాక్టర్లు, మేత డీలర్లు. నా వందలో పెద్దమ్మ, మేనమామ, కాపలాదార్లు, చేపల గంపలు మోసే ఆడాళ్లు. వందకి వందా పేటలోవే. ఆ పుస్తకాలు మెట్లు ఎలా ఎక్కాలో చెప్తాయి. మెట్ల దాకా వెళ్లే దారి ఎవరి పొలంలోంచి పోతుందో చెప్పవు.

పెద్దమ్మ చెవి దిద్దులు కుదువపెట్టి సభ్యత్వం కట్టింది. ఆ డబ్బాలు పేటలో ఎవరు కొంటారు? ఒక్క డబ్బా ఖరీదు రోజు కూలి కంటే ఎక్కువ. కొత్తోళ్ల డబ్బుతో పాతోళ్లకి కమీషన్లిచ్చే పథకాల మీద 1978లోనే నిషేధ చట్టం ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలూ పిరమిడ్ పథకాలు కూడదన్నాయి. దిద్దులు మాత్రం రాలేదు. పెద్దమ్మ ఒక్కమాటే అంది: ‘నీ మొకం చూసిచ్చాన్రా అబ్బాయ్, ఆ కంపెనీని చూసి కాదు.’

మా దగ్గరున్న పెట్టుబడల్లా అదే, ఒకరి మొకం ఒకరు చూసుకోవడం. నేను దాన్నే అమ్మేశాను.

ఆ సిగ్గుతో ఉన్నప్పుడు అంబేద్కర్ ‘కుల నిర్మూలన’ చదివాను. కార్నెగీ పుస్తకమూ ఇదీ 1936లోనే వచ్చాయి. మనుషుల్ని మెప్పించడమెలాగో అక్కడొకాయన చెప్తున్న ఏడాదే, లాహోరు వాళ్లని మెప్పించడానికి ఒక్క మాటా మార్చనన్నాడు ఈయన. వాళ్లు సభ రద్దు చేస్తే సొంత ఖర్చుతో ఉపన్యాసం అచ్చేశాడు. 1,500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి.

ఆ విజయం పుస్తకాలు చదవొద్దని తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను చెప్పను. నోరు విప్పేదాకా పనికొస్తాయి. విప్పాక ఏం అడగాలో వాటిల్లో దొరకదు.

నోటుబుక్కు పారెయ్యలేదు. మా శ్మశానం దారి చెరువు గట్టులో కలిసిపోయినప్పుడు అర్జీ రాసి, ఆ పేర్ల వరసనే గుమ్మం గుమ్మం తిరిగాను. మొదటిది పెద్దమ్మ వేలిముద్ర. ఆఫీసులో నా గొంతు తడబడలేదు. దారి ఇంకా రాలేదు, తిరుగుతున్నాం.

పెద్దమ్మకి దిద్దులు నేనింకా బాకీ.