సామాన్లలోకి ఎక్కని కంప్యూటర్

బదిలీ ఆర్డరు వచ్చిందంటే మా ఇంట్లో అన్నిటికంటే ముందు సర్దేది కంప్యూటర్నే. గిన్నెలు సొట్టలు పడితే ఫరవాలేదు, బీరువా గీసుకుపోతే రంగు వేయించుకోవచ్చు. పాత డెస్క్‌టాప్ డబ్బాని మాత్రం రెండు బొంతల్లో చుట్టి, మానిటర్ని పరుపుల మధ్య నిలబెట్టి, లారీ డ్రైవరుకి నాలుగుసార్లు జాగ్రత్తలు చెప్పి పంపేవాళ్ళం. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆరు ఊళ్ళు తిరిగాను. ఖరగ్‌పూర్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి వెళ్ళినప్పుడు ఆ డబ్బా ఓడ కూడా ఎక్కింది. చేరాక వారం రోజులు కిరకిరమని, తర్వాత నోరు మూసేసింది. అందులో మూడేళ్ళ పాఠాల నోట్సు ఉంది. కాబట్టి కంప్యూటర్ లోపల ఏదీ దాచుకోకుండా అంతా ఇంటర్నెట్‌లోనే ఉంచుకునే పద్ధతి ఒకటి ఉందని విన్నప్పుడు, ఇది మనలాంటి వాళ్ళ కోసమే పుట్టిందనుకున్నాను.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో మీకు కంప్యూటర్ క్లాసులో చెప్పే ఉంటారు. తెలుగు టీచరు మాటల్లో చెప్పాలంటే అది స్టేషన్ మాస్టర్ లాంటిది. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి రావాలో, ఏది కాసేపు పక్క లైన్లో ఆగాలో చూసుకుంటుంది. విండోస్ గానీ లినక్స్ గానీ ఈ పనిని మన యంత్రంలోనే కూర్చుని చేస్తాయి. మనం రాసిందీ గీసిందీ ఆ యంత్రంలోని డిస్కు మీదే ఉంటుంది. ఇంటర్నెట్ మీద నడిచే సిస్టంలో అలా కాదు. మన ఎదురుగా ఉన్న యంత్రం చేసే ముఖ్యమైన పని బ్రౌజర్ తెరవడమే. మన ఫైళ్ళు, మనం వాడే సాఫ్ట్‌వేర్ చాలావరకూ ఎక్కడో దూరాన ఉన్న డేటా సెంటర్‌లో ఉంటాయి.

ఈ ఆలోచన నిన్నా మొన్నా పుట్టింది కాదు. నెట్‌వర్కే అసలు కంప్యూటర్ అని సన్ మైక్రోసిస్టమ్స్ అనే అమెరికా కంపెనీ 1980ల లోనే చెప్పుకొచ్చింది. తొంభైల నడుమ ఓరాకిల్ కంపెనీ, డిస్కే లేని చవక యంత్రం ఇంటింటికీ వస్తుందంది. అప్పటి నెట్ నత్తనడక కాబట్టి అది సాగలేదు. 2005లో స్పెయిన్‌లో బార్సిలోనా దగ్గర కొందరు కుర్రాళ్ళు ఐఓఎస్ అనే పేరుతో బ్రౌజర్‌లోనే తెరుచుకునే డెస్క్‌టాప్ ఒకటి తయారుచేశారు. ఆపిల్ ఫోన్లలోది కాదు, కన్ను అనే అర్థంలో ‘ఐ’. చివరికి నిలదొక్కుకున్నది గూగుల్ వాళ్ళ క్రోమ్ ఓఎస్. 2009లో ప్రకటించారు, 2011లో క్రోమ్‌బుక్ అనే పేరుతో ల్యాప్‌టాప్‌లు అమ్మకానికి వచ్చాయి. అమెరికా బడుల్లో అవి ఎంతగా పాతుకుపోయాయంటే, అక్కడి మా పెద్దనాన్న మనవడు అన్ని ల్యాప్‌టాప్‌లనీ క్రోమ్‌బుక్ అనే పిలుస్తాడు.

నేను పనిచేసిన ఒక బడిలో ఇరవై క్రోమ్‌బుక్‌లు ఉండేవి. వాటిని దగ్గరగా చూసింది అక్కడే. పిల్లవాడు మూత తెరిచి తన ఖాతా పేరు, పాస్‌వర్డ్ కొడితే చాలు, నిన్న వేరే యంత్రంలో సగంలో వదిలేసిన వ్యాసం అదే వాక్యం దగ్గర కనిపించేది. ఒక యంత్రం చెయ్యి జారి పడి తెర పగిలితే, ఆ పిల్ల ఏడవలేదు. పక్క యంత్రం తీసుకుని కూర్చుంది. కొత్త వెర్షన్ వస్తే యంత్రం చప్పుడు లేకుండా పక్కన ఇంకో కాపీగా దించుకుని, మళ్ళీ ఆన్ చేసినప్పుడు దాన్లోకి మారిపోతుంది. ఆన్ అయిన ప్రతిసారీ తన సిస్టంని ఎవరైనా మార్చారా అని తానే పరీక్షించుకుంటుంది. పెన్‌డ్రైవ్‌ల ద్వారా వైరస్‌లు పాకి ల్యాబ్ మొత్తం మూలపడటం చూసిన నాకు ఇది చిన్న విషయం అనిపించలేదు. యంత్రం మరీ మొండికేస్తే పవర్‌వాష్ అని ఒకటుంది. పేరుకి తగ్గట్టు అంతా కడిగేసి, కొత్తదానిలా అప్పగిస్తుంది.

తెలుగు టీచరుగా నాకు కలిగిన సంతోషం వేరే. పాతకాలం తెలుగు ఫైళ్ళు అను ఫాంట్లలో ఉండేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలూ వచ్చి, ఎవరో కోపంగా తిట్టినట్టుండేది. ప్రతి కొత్త ఊళ్ళోనూ బడి ఆఫీసులో ఫాంటు వేయించమని అడగటంతోనే మొదటి నెల గడిచేది. యూనికోడ్ తెలుగుకి ఆ బాధ లేదు. నెట్‌లో రాసే పత్రాలకి ఫాంటు కూడా నెట్ నుంచే వస్తుంది. ఆ ఫాంట్ల పేర్లు చూడండి: గురజాడ, గిడుగు, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ. రాయలవారి కొలువు కవుల్ని జాబితా నుంచి ఎంచుకుని సెలవు చీటీ రాసుకోవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లలు పరీక్షలో అష్టదిగ్గజాల పేర్లు తప్పు లేకుండా రాయడం వెనక నా బోధన ఎంతో, ఆ జాబితా ఎంతో నేను చెప్పలేను.

ఇక పోర్ట్‌బ్లెయిర్ సంగతి. 2020కి ముందు అండమాన్‌లో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అప్పట్లో దీవులకి ఇంటర్నెట్ ఉపగ్రహం మీదుగా వచ్చేది. ఒక ఫొటో పంపడం మొదలుపెట్టి, అన్నం వార్చి, కూర తాలింపు వేసి వచ్చినా ఇంకా చక్రం తిరుగుతూనే ఉండేది. వానాకాలంలో అదీ లేదు. అలాంటి చోట బ్రౌజరే ప్రాణంగా బతికే యంత్రాన్ని ఇస్తే ఏం చేసుకుంటాం? నెట్ లేకుండా పనిచేసుకునే వీలు క్రోమ్‌బుక్‌లో లేకపోలేదు. కానీ ఆ ఏర్పాటు నెట్ ఉన్నప్పుడే చేసిపెట్టుకోవాలి. వాన వచ్చాక గొడుగు కొనడానికి బయల్దేరితే కుదరదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి అండమాన్‌కి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. అప్పటికి నాకు మళ్ళీ బదిలీ అయిపోయింది. అక్కడి స్నేహితురాలు వీడియో కాల్ చేసి, మాట మధ్యలో ఆగకుండా ఐదు నిమిషాలు మాట్లాడి, “చూశావా!” అంది.

కేబుల్ ఉంటే సరిపోతుందా అంటే, అదీ లేదు. 2008 జనవరి చివర్లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం అడుగున కేబుళ్ళు తెగితే, ఇంత దూరాన మన దేశంలో నెట్ నీరసించిపోయింది. 2020 డిసెంబర్ 14 సాయంత్రం మరొకటి జరిగింది. జీమెయిల్, యూట్యూబ్, డాక్స్ ప్రపంచమంతటా దాదాపు ముప్పావు గంట ఆగిపోయాయి. అప్పుడు ఎవరి ఫైళ్ళూ ఎక్కడికీ పోలేదు. పాస్‌వర్డ్ కొట్టినవాళ్ళు ఎవరో గుర్తుపట్టే విభాగానికి కేటాయించిన నిల్వ పొరపాటున తగ్గిపోయి, అది పనిచేయలేదు. అంటే ఇంట్లో అన్నం ఉంది, కూర ఉంది, తాళం తీసే మనిషి మాత్రం లేడు. నాకు సర్వర్ కాలిపోవడం కంటే ఇదే ఎక్కువ భయం వేసే సంగతి.

తాళం అన్నాను కాబట్టి, మనకి బాగా తెలిసిన క్వార్టర్ల విషయానికి వస్తాను. క్వార్టర్లో చేరేటప్పుడు ఫాన్లు ఇన్ని, ట్యూబ్‌లైట్లు ఇన్ని అని కాగితం మీద సంతకం పెడతాం. గోడకి మేకు కొట్టాలన్నా వెనకాముందూ చూస్తాం. ఉన్నన్నాళ్ళు అది మన ఇల్లే. మామిడి మొక్క కూడా నాటుతాం. ఆర్డరు వచ్చిన రోజున తాళం అప్పగించి, నో డ్యూస్ కాగితం తీసుకుని బయటికి వస్తాం. మామిడికాయలు తర్వాత వచ్చినవాళ్ళు తింటారు. బడి ఇచ్చే నెట్ ఖాతా అచ్చం ఇలాంటి క్వార్టరే. ఏ యాప్ వేసుకోవచ్చో, ఏ సైటు చూడొచ్చో బడి నిర్ణయిస్తుంది. టీసీ తీసుకున్న కొన్నాళ్ళకి ఆ ఖాతా మూసేస్తారు. అందులో తప్పేమీ లేదు, వెళ్ళిపోయిన పిల్లల ఖాతాలు తెరిచి ఉంచడమే ప్రమాదం. కానీ క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు సామాన్లు మనతో తెచ్చుకోవాలని మనకి తెలుసు. ఖాతా ఖాళీ చేసేటప్పుడు ఆ ధ్యాస ఉండదు, ఎందుకంటే అక్కడ సామాన్లు కంటికి కనపడవు.

ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి, నాన్నది రైల్వే ఉద్యోగం. వేసవి సెలవుల్లో శ్రీకాకుళం వెళ్ళి, నాన్నమ్మ చెప్పే పొడుపుకథలు నలభైకి పైగా రికార్డు చేసుకొచ్చింది. కొన్నిటికి విప్పులు నాక్కూడా తెలియవు. ఆ దస్త్రాలన్నీ బడి ఖాతాలోనే పెట్టుకుంది. మార్చిలో నాన్నకి బదిలీ, టీసీ, రైలు. జులైలో కొత్త బడిలో తెలుగు లేదు. దసరా సెలవుల్లో వాటిని విందామని చూస్తే ఖాతా లేదు. పిన్ని ఫోన్‌లో రెండు మిగిలాయి. ఫోన్ చేసి నాకు చెప్పినప్పుడు దాని గొంతు ఎలా ఉందో రాయను. నాన్నమ్మ మాత్రం “దానికేటే, మళ్ళీ సెప్తాను” అందట. చెప్పింది కూడా. అయితే ఈసారి వేరేవి గుర్తొచ్చాయి, మొదటివి సగం రాలేదు. మొదటివే బాగున్నాయని ఆ పిల్ల పట్టుదల.

సొంత ఖాతా అయితే నిశ్చింతా? అదీ షరతుల మీదే. గూగుల్ ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. ఫొటోలకి ఒకప్పుడు లెక్క ఉండేది కాదు, 2021 జూన్ 1 నుంచి అవీ ఆ లెక్కలోకే వచ్చాయి. రెండేళ్ళపాటు వాడని సొంత ఖాతాల్ని తొలగించవచ్చని 2023లో నియమం పెట్టారు. క్రోమ్‌బుక్‌కి కూడా ఆయుష్షు రాసిపెట్టి ఉంటుంది. ఫలానా తేదీ తర్వాత అప్‌డేట్లు రావు. ఆ గడువుని పదేళ్ళకి పెంచుతామని 2023లో ప్రకటించారు. మంచిదే. మన ల్యాబుల్లో కొన్ని యంత్రాల మీద గీసిన బొమ్మలు గీసినవాళ్ళు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు కాబట్టి, పదేళ్ళు కూడా మనకి పెద్ద లెక్క కాదు.

ఎవరు చూస్తారన్నది ఇంకో ప్రశ్న. డెన్మార్క్‌లో హెల్సింగర్ అనే ఊరుంది, షేక్‌స్పియర్ హామ్లెట్ కథ నడిచేది అక్కడే. బడి ఇచ్చిన ఖాతా వల్ల తన బిడ్డ పేరు యూట్యూబ్‌లో అందరికీ కనబడుతోందని అక్కడ ఒక తండ్రి గమనించి ఫిర్యాదు చేశాడు. అది పెరిగి పెరిగి, పిల్లల వివరాలు ఎక్కడికి పోతున్నాయో సరిగ్గా చూసుకోలేదంటూ 2022 జులైలో ఆ దేశపు సమాచార రక్షణ సంస్థ, ఆ ఊరి బడుల్లో క్రోమ్‌బుక్‌ల వాడకాన్నే ఆపమంది. తర్వాత సర్దుబాటుకి గడువిచ్చింది. మన దేశంలోనూ 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. ఆ అనుమతి కాగితం మీ నాన్నగారు అడ్మిషన్ ఫారాల కట్టలో చదవకుండా సంతకం పెట్టినది కాకపోతే బాగుండు.

కేరళలో పనిచేసినప్పుడు పక్కనున్న రాష్ట్ర ప్రభుత్వ బడికి వెళ్ళాను. అక్కడి పిల్లలు తమ రాష్ట్రంవాళ్ళు బడుల కోసం మలిచిన లినక్స్ వాడుతున్నారు. అంతా యంత్రంలోనే ఉంటుంది, నెట్ లేకపోయినా గీస్తారు, రాస్తారు. మన సీడాక్ వాళ్ళ బాస్ లినక్స్‌లో తెలుగూ ఉంది. నన్నడిగితే బడికి రెండూ కావాలంటాను. కలిసి రాసుకోవడానికి నెట్ యంత్రం, నెట్ పోయినరోజుకి సొంత డిస్కున్న యంత్రం. ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం నేను రెండోదాన్నే ఎంచుకుంటాను. అండమాన్‌లో వాన చూసినవాళ్ళ ఎంపిక అలాగే ఉంటుంది.

ఇప్పుడు ప్రతి ఫిబ్రవరి చివర, టీసీ తీసుకోబోయే పిల్లల కోసం ఒక తెలుగు పీరియడ్‌ని పెన్‌డ్రైవ్ పీరియడ్‌గా మారుస్తున్నాను. ఖాతాలో ఉన్న వ్యాసాలు, బొమ్మలు, రికార్డింగులు దించుకుంటారు. గూగుల్ టేక్అవుట్ అని ఒక సదుపాయం ఉంది, బడి అనుమతి ఉంటే అంతా ఒకేసారి మూటకట్టి ఇస్తుంది. ఫైలు పేర్లు తెలుగులోనే పెట్టమంటాను, తేదీతో సహా. ముఖ్యమైనవి కాగితం మీద అచ్చు తీయిస్తాను. ప్రింటరులో సిరా అయిపోయిందని ఆఫీసువాళ్ళు నా మీద గుర్రుగా ఉన్నారు.

గత ఫిబ్రవరిలో పదకొండు మంది వచ్చారు. పదిమంది పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. పదకొండోవాడి పెన్‌డ్రైవ్ నిండా సినిమాలే. రెండేళ్ళ వ్యాసాలకి చోటు కావాలంటే ఒకటి తుడిచెయ్యాలి. ఏ సినిమా తుడవాలన్నదాని మీద మిగతా పదిమందీ చేరి వాదించుకున్నారు, గంట కొట్టేదాకా. చివరికి వాడు గుండె రాయి చేసుకుని ఒకటి తీసేశాడు. ఏదో చెప్పనంటున్నాడు.