పిట్టగూడు, పిట్టగోడ



పుత్తూరులో మేముండే పాస్టరు బంగళా వెనుక రెండు జామచెట్లు, ఒక తోతాపురి మామిడిచెట్టు ఉన్నాయి. మన వైపు తమిళం మాట్లాడేవారు ఆ మామిడిని కిళిమూకు అంటారు, అంటే చిలుకముక్కు. పేరులోనే చిలుక ఉండగా చెట్టు మీదికి రాకుండా ఉంటుందా? మూడేండ్ల క్రితం మామిడి సరే, ఒక్క జామపండైనా మా నోటికి అందలేదు. తొమ్మిదో తరగతి చదివే మావాడు, "నాయనా, ఒక ఎయిర్‌గన్ కొందాం" అన్నాడు. నిజం చెప్పాలంటే వానికంటే నాకే ఎక్కువ ఆశ పుట్టింది.

మా సంఘపెద్దలలో సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. ఆయనను వెంటబెట్టుకొని అంగడికి పోయాను. అక్కడ ఆయన చెప్పినవి మీకూ ఉపయోగపడునని వ్రాస్తున్నాను. తుపాకి పొడవూ మెరుగూ చూసి మోసపోకూడదు. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం కొలత 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు. గుండు బయలుదేరే శక్తి 20 జౌళ్లు దాటకూడదు. అప్పుడే లైసెన్సు అక్కరలేదు. చిన్నదని చిన్నచూపు వద్దు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది కూడా 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. మొదటిసారి కొనేవారికి గొట్టం వంచి స్ప్రింగు బిగించే రకం చాలు. భుజానికి ఆనించే మడమ కొట్టేవాని ఒంటికి అమరాలి. వంచడానికి కష్టపడేంత గట్టి స్ప్రింగు వద్దు. గుండు లేకుండా ట్రిగ్గరు నొక్కితే లోపలి భాగాలు దెబ్బతింటాయి.

బిల్లు వేసే సమయంలో పెద్దాయన, "అయ్యగారూ, ఇంతకీ దేన్ని కొట్టేదానికి?" అని అడిగారు.

"చిలుకల్ని" అన్నాను.

"చిలుకను కొట్టేది నేరం అయ్యగారూ. 1972 వన్యప్రాణి చట్టం ఉంది. నెమలైతే చెప్పనే అక్కరలేదు."

నేను సిగ్గుపడి, "అయితే పందికొక్కుల కోసం" అని మాట మార్చి కొనేశాను. నా తప్పు అక్కడే మొదలైంది.

ఆ శనివారం సాయంత్రం కంచె రాతిస్తంభం మీద ఖాళీ పాలడబ్బా పెట్టి, మావానికి నా గురి చూపించబోయాను. గుండు రాతి అంచుకు తగిలి పక్కకు తిరిగి వీధిలోకి పోయింది. అక్కడ ఆడుకొంటున్న సండేస్కూలు పాప కెవ్వుమంది. కంటికి బొటనవ్రేలంత కింద, చెంపమీద రక్తం. ఆ బిడ్డను ఎత్తుకొని ఆసుపత్రికి పరుగెత్తాను. దేవుని కృపవలన కన్ను దక్కింది. ఆ తల్లి, "పోనీలెండి అయ్యగారూ, మీరు కావాలని చేశారా?" అన్నది. ఆమె తిట్టి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. మరునాడు ప్రసంగానికి ముందు సంఘం ఎదుట నా తప్పు ఒప్పుకొన్నాను.

ఆ రాత్రి ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం చదివాను. పిల్లలతోకూడ తల్లిపిట్టను పట్టుకోవద్దని 6, 7 వచనాలు చెబుతున్నాయి. ఎవరైనా పడి ప్రాణం పోతే ఆ దోషం నీ ఇంటి మీదికి వస్తుంది గనుక మిద్దెకు పిట్టగోడ కట్టించమని 8వ వచనం చెబుతున్నది. ఎన్నోసార్లు చదివిన మాటలే. పిట్టమీద దయ, పొరుగువాని బిడ్డమీద జాగ్రత్త ఒకేచోట ఉన్నాయని ఆనాడే కనబడింది. వెనుక అడ్డు లేకుండా పేల్చే తుపాకి, పిట్టగోడ లేని మిద్దె వంటిది. గురి తప్పిన గుండు రెండు వందల గజాలకు పైగా పోగలదు.

ఇప్పుడు మా ఇంట గురి కాగితం మీదనే. దాని వెనుక ఇసుక నింపిన గోనెసంచులు, వాటి వెనుక గోడ. రాతిమీద, ఇనుముమీద కొట్టము. పెద్దవారు లేనిదే తుపాకి ముట్టము. అది ట్రంకుపెట్టెలో ఉంటుంది; తాళంచెవి మా ఇంటావిడ దగ్గర. పందికొక్కులకు బోను పెట్టాము. జామకాయలు దోరగా ఉన్నప్పుడే పాతగుడ్డ సంచులు కడుతున్నాము. మన పెద్దలు మంచె ఎక్కి వడిసెల తిప్పి, డబ్బా కొట్టి చిలుకలను తోలి పంట దక్కించుకోలేదా? చేతికందని పైకొమ్మలు చిలుకలకే వదిలాము.

ఆ పాప ఇప్పుడు మూడో తరగతి. చెంపమీద చిన్న మచ్చ ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి, "అయ్యగారూ, జామపండు" అని చెయ్యి చాపుతుంది. మొదటి పండు ఆమెదే.

ప్రియులారా, తుపాకి ఎంచుకొనే ముందు దేన్ని కొట్టబోతున్నారో, దాని వెనుక ఎవరున్నారో చూచుకోండి. దేవుడు మన చేతులను, మన బిడ్డల కన్నులను కాపాడును గాక. ఆమేన్.