దడువాయి చేతిలో ఆక్సిజన్ సంచి

సంచి అందుకున్న బాపు దాన్ని గాల్లో రెండుసార్లు ఆడించి "రెండుంబావు" అన్నాడు. నేనింకా బూట్లు కూడా విప్పలేదు. శంషాబాద్‌లో దిగి, నాలుగు గంటలు కారులో కూచొని, వరంగల్ కాశిబుగ్గలో ఇంటి ముందు కాలు పెట్టగానే చేసిన మొదటి పని, టెక్సస్ నుంచి ఒళ్లో పెట్టుకొని తెచ్చిన పోర్టబుల్ ఆక్సిజన్ కాన్సెంట్రేటర్‌ని ఆయన చేతికివ్వడం. కంపెనీ కాగితం మీద దాని బరువు 2.15 కిలోలని ఉంది. సంచీ, భుజం పట్టీ కలుపుకుంటే బాపు చెప్పిందే లెక్క.

ఇందులో వింతేమీ లేదు. ఏనుమాముల మార్కెట్ యార్డులో ఆయన ముప్పై ఏండ్లు దడువాయి, అంటే బస్తాలు తూచేవాడు. కాంటా మీదికి ఎక్కకముందే బస్తా ఎంత తూగుతుందో చెప్పేవాడని పాత అడ్తిదారులు ఇప్పటికీ అంటారు. చేతికి తూకం నేర్పిన యార్డే మిర్చి ఘాటు, పత్తి దుమ్ము కూడా పట్టించింది. పైన రోజుకో కట్ట బీడీలు ఆయన సొంత ఖాతా. హన్మకొండ డాక్టరు దీనికి సీఓపీడీ అని పేరు రాశాడు. మా ఇంట్లో దాని పేరు దమ్ము.

పెద్ద బ్యాటరీ తగిలించి మళ్లీ ఇచ్చాను.

"ఇప్పుడు రెండుముప్పావు. అర్ధకిలో ఏం పెట్టినవ్ బిడ్డా?"

"ఐదు గంటలు పెట్టిన బాపూ."

ఆ మాట అన్నప్పుడు నేను చాలా తెలివిగా మాట్లాడాననుకున్నాను.

ఇంట్లో ఐదు లీటర్ల పెద్ద మిషన్ మూడేండ్ల నుంచి ఉంది. దానికి చక్రాలున్నాయి గానీ గడప దాటదు. రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకొమ్మని డాక్టరు చెప్పాడు. ఆ అంకె ఆయన నోటికొచ్చి చెప్పింది కాదు. 1980లో అమెరికాలో, 1981లో బ్రిటన్‌లో వెలువడిన రెండు పరిశోధనల మీద నిలబడిన అంకె అది. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయిన సీఓపీడీ రోగుల్లో రోజుకు ఎక్కువ గంటలు పెట్టుకున్నవాళ్లు ఎక్కువకాలం బతికారని అప్పుడే తేలింది. బాపుకు ఈ చరిత్ర అంతా ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విని, "అంతా మంచిగనే ఉన్నది గని, గుంజకు కట్టేసిన బర్రె లెక్క చేసిన్రు నన్ను" అన్నాడు. పైపు పొడవెంతో ఆయన లోకం అంత. ముందర్రూం, పడకగది, బాత్రూం గుమ్మం. పొద్దున లేస్తే చౌరస్తాలో చాయ్ హోటల్ బెంచీ మీద కూచొని మిర్చి ధర మాట్లాడితే తప్ప తెల్లవారని మనిషికి.

ఆ మాట నన్ను మేముండే ఫ్రిస్కోలో నాలుగు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ప్రవాసులం మనం ఇలాంటప్పుడు చేసే పని ఒక్కటే: ఏదో ఒకటి కొంటాం.

కొనబోయేవాళ్ల కోసం ఒక సంగతి. ఈ డబ్బాలో ఆక్సిజన్ నిలవ ఉండదు. బయటి గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. ఆ గాలిని ఒత్తిడి పెట్టి జియోలైట్ అనే గుళికల గుండా పంపితే నైట్రోజన్ వాటికి అతుక్కుంటుంది, 90 శాతం అటూ ఇటూ ఆక్సిజన్ బయటికొస్తుంది. "జల్లెడ పడుతుంది" అంటే బాపుకు చప్పున అర్థమైంది. జల్లెడ ఆడించేది కరెంటు. సిలిండర్‌లో గ్యాస్ ఎంతో దీనిలో బ్యాటరీ అంత. అందుకే మిషన్ ఏది కొనాలన్న దానికన్నా బ్యాటరీ ఏది, ఎన్ని అన్నదే పెద్ద ప్రశ్న. షాపువాళ్లు మాత్రం ఆ మాట చివర్న, బిల్లు కొట్టేటప్పుడు ఎత్తుతారు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. చిన్న మిషన్ మీద 1, 2, 3 అని ఉండే అంకెలు లీటర్లు కావు. ఇంట్లో పెద్ద మిషన్ 2 మీద పెడితే నిమిషానికి 2 లీటర్లు ఆగకుండా వస్తుంది. భుజాన వేసుకునేవాటిలో చాలావరకు మనం గాలి లోపలికి పీల్చినప్పుడు మాత్రమే ఒక్క గుక్క వదులుతాయి. నేను తెచ్చినది 2 మీద నిమిషానికి ఇచ్చేది 420 మిల్లీలీటర్లు. పీల్చిన మొదటి క్షణంలోనే అందుతుంది కనుక కొందరికి అదే చాలు, కొందరికి చాలదు. ఎవరికి చాలుతుందో బ్రోచర్ చెప్పలేదు. వేలికి ఆక్సీమీటర్ పెట్టి, మిషన్ భుజాన వేసి, డాక్టరు ముందు ఆరు నిమిషాలు నడిపిస్తే తెలుస్తుంది. నేను ముందు కొని తర్వాత నడిపించాను. అదృష్టం బాగుండి 2 మీద బాపుకు 90 తగ్గలేదు. అదృష్టం మీద అంత డబ్బు పెట్టడం తెలివి కాదు. అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు, ఒక వారం తెచ్చుకొని చూడొచ్చు. నోరు తెరుచుకొని నిద్రపోయేవాళ్ల శ్వాసను ఈ గుక్క మిషన్ పసిగట్టలేకపోవచ్చు. అందుకని రాత్రికి పెద్ద మిషనే అని డాక్టరు తేల్చేశాడు.

ఇక నా అసలు లెక్క విమానం లెక్క. మనవరాలి గ్రాడ్యుయేషన్‌కు బాపును తీసుకుపోవాలని నా పంతం. హైదరాబాద్ నుంచి దుబాయ్ నాలుగు గంటలు, దుబాయ్ నుంచి డాలస్ పదహారు. ప్రయాణానికి ఒకటిన్నర రెట్లు బ్యాటరీ చేతిలో ఉండాలని చాలా విమాన సంస్థలు అడుగుతాయి. అంటే 30 గంటలు. పెద్ద బ్యాటరీ ఒక్కోటి 2 మీద పది గంటలు వస్తుందని కంపెనీ మాట. మూడు చాలు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. డాక్టరు ఆ కాగితం తీసి చూసి, "విమానం లోపల గాలి ఒత్తిడి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత దాకా తగ్గుతుంది కదా, 2 అక్కడ సరిపోకపోవచ్చు, 3 మీద లెక్క వెయ్యండి" అన్నాడు. 3 మీద అదే బ్యాటరీ ఏడు గంటలు. మూడు కాస్తా ఐదయ్యాయి. మధ్యలో దుబాయ్‌లో ఆగే సమయం ఇందులో కలపనేలేదు.

విడి బ్యాటరీలు చెక్-ఇన్ పెట్టెలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి, కొనలు ఒకదానికొకటి తగలకుండా టేపు వేయాలి. ఒక్కోటి 100 వాట్-అవర్లు దాటకపోతే పేచీ లేదు. 100 నుంచి 160 మధ్య ఉంటే విమాన సంస్థ అనుమతితో విడివి రెండే. వాట్-అవర్లు బ్యాటరీ మీద అచ్చేసి లేకపోతే వోల్టుల్ని ఆంపియర్-అవర్లతో గుణిస్తే వస్తాయి: 14.4ను 6.8తో గుణిస్తే 98, అంచుకు ఇవతల పడ్డట్టే. మిషన్ మీద విమానంలో వాడొచ్చని చెప్పే ఎర్రక్షరాల ముద్ర, వెంట డాక్టరు ఉత్తరం, ముందుగా విమానం వాళ్లకు కబురు. ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టి బాపుకు చూపించాను. ఆయన ఫైలు చూడలేదు. ఐదు బ్యాటరీలు ఎంత తూగుతాయని అడిగాడు.

"నాలుగున్నర కిలోలు."

"దమ్మున్నోనికి మొయ్యచ్చు. దమ్ములేనోనికి దమ్మిచ్చే మిషన్ గది."

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. విమానం ముచ్చట అక్కడ ఆగింది. పిల్ల గ్రాడ్యుయేషన్ ఫోన్లోనే చూద్దామన్నాడు. నేను తెచ్చిన పెద్ద బ్యాటరీలు మూడూ గూట్లో మిగిలాయి.

కొన్ని తప్పులు చేయకుండానే తప్పించుకున్నాను. డాలస్‌లో ఒక మిత్రుడు వాళ్ల అత్తగారి పెద్ద మిషన్ ఊరికే ఇస్తానన్నాడు. అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌ల మీద నడిచేది. మన కరెంటు 230, 50. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టులు దిగుతాయి గానీ హెర్ట్జ్ మారదు, కంప్రెసర్ మోటారు సరిగ్గా తిరగదు. భుజాన వేసుకునేవాటి అడాప్టర్లు సాధారణంగా 100 నుంచి 240 దాకా తట్టుకుంటాయి, మన గుండ్రటి పిన్ను ప్లగ్గు దొరికితే చాలు. ఆ మార్పిడి ప్లగ్గు కూడా వదులుగా ఉండేది కొనొద్దు. రాత్రంతా చార్జింగ్ అవుతోందనుకొని పడుకొని, పొద్దున చూస్తే ఖాళీ. ఒక పూట మాకూ అయింది.

2021 కోవిడ్ వేసవిలో మనవాళ్లం అమెరికా నుంచి ఎన్ని కాన్సెంట్రేటర్లు పంపామో. కొరియర్లో కానుకగా పంపేవాటికి కేంద్రం ఆ ఏడు జులై 31 దాకా అనుమతిచ్చింది. అలా వచ్చినదొకటి పక్కవీధిలో పాలిథిన్ కవరు కప్పుకొని కూచుంది. "మీ నాయినకు తీస్కపో తమ్మీ" అన్నారు వాళ్లు, మంచి మనసుతోనే. నాలుగేండ్లు తిప్పకుండా పెట్టిన మిషన్‌లో జియోలైట్ చెమ్మ పీల్చి పాడవుతుంది. ఆన్ చేస్తే చప్పుడొస్తుంది, గాలీ వస్తుంది, అందులో ఆక్సిజన్ ఎంతో కొలిచి చూడందే నమ్మలేం. వద్దనడానికి మొహమాటపడ్డాను గానీ వద్దనే అన్నాను.

ఇన్వర్టర్ లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తాను. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్-అవర్లు. మొత్తం పిండుకోలేం, మధ్యలో నష్టాలున్నాయి, చేతికి 1,200 మిగిలితే గొప్ప. పెద్ద మిషన్ 350 వాట్లు తింటుంది. మూడున్నర గంటలు, అదీ ఫ్యానూ టీవీ ఆపితే. చిన్న మిషన్ వచ్చాక ఇంట్లో కరెంటు పోతుందేమోనన్న భయం తగ్గింది. నేను విమానం కోసం కొన్న పెద్ద బ్యాటరీలకు దొరికిన ఉద్యోగం అదే.

ఇంకో సంగతి అమ్మ వల్ల బయటపడింది. ముక్కులో పైపు ఒరుసుకొని పొక్కులొస్తే ఆమె కొబ్బరినూనె రాసేది. ఆక్సిజన్ దగ్గర నూనె, వాజ్‌లైన్ లాంటివి వద్దు, నిప్పంటుకునే ప్రమాదం. నీటితో చేసిన జెల్ రాయాలి. దీపం, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి దూరంగా ఉండాలి. "దేవునికి దీపం పెట్టొద్దా?" అని అమ్మ నామీద రెండు రోజులు అలిగింది. చివరికి దేవుడి పటాలు బాపు గది నుంచి వంటింటి అవతలికి మారాయి.

జనవరి నుంచి కాశిబుగ్గలో గాలే వేరు. ఏనుమాములకు మిర్చి లారీలు మొదలైతే రోడ్డు మీద నడిచేవాళ్లంతా తుమ్ముతూ నడుస్తారు. చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు వచ్చిందని ఊరు సంబరపడింది. చపాటాకు ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. మిర్చి రంగు ఎక్కడికి పోతుందో నేను మా ఇంటి సింకులో చూశాను. మిషన్ పక్కన గాలి లోపలికి పోయే చోట వేలెడంత జాలీ ఫిల్టర్ ఉంటుంది, వారానికోసారి కడగమని కాగితంలో రాసుంది. బాపు దాన్ని ఊడదీసి నల్లా కింద పట్టుకున్నాడు. నీళ్లు నారింజరంగులో దిగాయి. వేళ్లతో నలిపి వాసన చూశాడు. "తేజ" అన్నాడు. రకం చెప్పాడన్నమాట. ఇది సీజన్‌లో వారానికి కాదు, రెండు రోజులకోసారి కడగాలని ఆయనే తేల్చాడు. పూర్తిగా ఆరాకే పెట్టాలి గనక రెండు ఫిల్టర్లు ఉండాలి. నేను కొన్న సామాన్లలో అన్నిటికన్నా చవకది, అన్నిటికన్నా పనికొచ్చినది ఈ విడి ఫిల్టరే.

నా ఘనకార్యం ఒకటి మిగిలింది. చిన్న బ్యాటరీ ఇంకోటి కావాలనుకొని, ఆన్‌లైన్‌లో అసలు ధరలో సగానికన్నా తక్కువకు దొరికితే తెప్పించాను. డబ్బా అచ్చం అలాగే ఉంది. తయారైన తేదీ మాత్రం గీకేసి ఉంది, నేను చూసుకోలేదు. లిథియం బ్యాటరీ వాడినా వాడకున్నా వయసు మీద పడుతుంది. కొన్ని వందలసార్లు చార్జ్ అయ్యాక సత్తువ తగ్గుతుంది. ఎండాకాలం మూసిన కారులో వదిలేస్తే ఇంకా తొందరగా. వరంగల్ మే నెలలో 44 డిగ్రీల్లో ఇవి చార్జింగ్ కూడా సరిగ్గా ఎక్కవు. చిన్న మిషన్ వేసుకొని చౌరస్తాకు పోయిన తొలి పొద్దున బాపు ఆ చవక బ్యాటరీతోనే బయల్దేరాడు. ఐదు గంటలనుకున్నది గంటా పది నిమిషాలకే కీచుమని అరవడం మొదలుపెట్టింది. హోటల్లో అందరూ తిరిగి చూశారట. నేను పరిగెత్తుకుంటూ పోయేసరికి బాపు బెంచీ మీద ముందుకు వంగి, రెండు చేతులు మోకాళ్ల మీద ఆనించి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా గాలి వదులుతున్నాడు. డాక్టరు నేర్పినట్టే. ఆక్సీమీటర్ 84 చూపించింది. మంచి బ్యాటరీ మార్చాను. 85, 87, 90. ఆ మూడు అంకెలు రావడానికి పట్టిన సమయం నేను ఏ వాట్-అవర్లతోనూ కొలవలేను.

ఊపిరి అందాక బాపు అన్న మొదటి మాట నన్ను తిట్టడం కాదు. "కాంటాకు ముద్ర లేదు, చూస్కోలె నువ్వు" అన్నాడు. యార్డులో ఏటా తూనికల శాఖ వాళ్లు కాంటాలకు ముద్ర వేస్తారు. ముద్ర లేని కాంటా మీద దడువాయి తూచడు.

మరుసటి రోజు ఆయనే ఏర్పాటు చేసుకున్నాడు. పెద్ద బ్యాటరీ భుజం లాగుతోందని ఇంట్లో పెట్టేశాడు. మిషన్‌లో ఒక చిన్న బ్యాటరీ, అసలుది. ఇంకొక అసలుది, బయట పెట్టి చార్జ్ చేసే స్టాండుతో సహా, చాయ్ హోటల్లో. బిస్కెట్ సీసాల పక్కన ఉన్న ప్లగ్గుకు. నెలకు కరెంటు ఎంతవుతుందని హోటలాయన్ని అడిగి, ఆయన వద్దంటున్నా లెక్క కట్టి చేతిలో పెట్టాడట. ఇంటి నుంచి హోటల్, హోటల్ నుంచి యార్డు గేటు, గేటు నుంచి మళ్లీ హోటల్. బరువు రెండుంబావు దాటదు.

నేను తిరిగొచ్చి నాలుగు నెలలైంది. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, అక్కడ పొద్దున ఎనిమిది. వాట్సాప్‌లో హోటలాయన ఫోటో పంపాడు. బిస్కెట్ సీసాల మధ్య స్టాండు మీద పచ్చలైటు. కింద వాయిస్ మెసేజ్: "అన్నా, బాపుది నిండింది. మనిషింక రాలే, గేటు కాడ మిర్చి ధర కాడ పంచాయితీ పెట్టిండు."