కార్ల షెడ్డయిన కళామందిరం

డెట్రాయిట్ నడిబొడ్డున, బాగ్లే వీధిలో పదమూడంతస్తుల మిషిగన్ బిల్డింగ్ ఉంది. వీధిలోంచి చూస్తే పాతకాలపు ఆఫీసు భవనం, అంతే. పక్కనున్న పార్కింగ్‌లోకి కారు తిప్పి, ర్యాంపు ఎక్కి, ఆఖరి అంతస్తులో దిగి తలెత్తితే నోట మాట రాదు. పైన ఉన్నది 1926లో కట్టిన మిషిగన్ థియేటర్ అనే సినిమా హాలు సీలింగ్.

నన్ను అక్కడికి తీసుకెళ్లింది మా మేనల్లుడు. నోవైలో ఉంటాడు, కార్ల కంపెనీలో ఇంజినీరు. నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు స్థిరపడ్డ తెలుగువాళ్లలో కార్లనే నమ్ముకుని బతికేవాళ్లు చాలామంది. "పాడుబడ్డ హాల్లో ఏముంది మావయ్యా, నయాగరా పోదాం పద" అన్నాడు ముందు. నేను పట్టు వదల్లేదు. గేటు దగ్గరున్న మనిషిని అడిగితే, కార్లకు అడ్డం రాకుండా చూసుకోండని చెప్పి పైకి వెళ్లనిచ్చాడు.

సీలింగ్ మధ్యలో ప్లాస్టర్ ఊడిపోయి పెద్ద కన్నం పడింది. అందులోంచి ఇనుప దూలాలు, వాటికి వేలాడే తీగలు కనిపిస్తున్నాయి. కన్నం చుట్టూ మాత్రం నగిషీ అలాగే ఉంది. ఆకుల తీగలు, పూలచుట్లు, వాటి అంచున అక్కడక్కడా మిగిలిన పూతరంగు. ఒక మూల తెల్లటి ప్లాస్టర్ పెచ్చు ఏ క్షణాన రాలుతుందో అన్నట్టు వేలాడుతోంది. దాని కిందే ఎవరిదో కొత్త కారు. వేదిక ఉన్న వైపు పెద్ద కమాను నిలిచే ఉంది, పైన చిరిగిన తెర పీలికలతో సహా. కింద కాంక్రీటు మీద పసుపు గీతలు, నూనె మరకలు.

కాసేపటికి గాని ఒక సంగతి తట్టలేదు. ఆ హాలు లోపలే మూడంతస్తుల పార్కింగ్ కట్టారు. దాంతో ప్రేక్షకులు కూర్చున్న నేల మా కాళ్లకు ఎంతో కింద ఉండిపోయింది. అప్పట్లో గాలి తప్ప ఏమీ లేని చోట మేం నిలబడ్డాం. నాలుగు వేలకు పైగా సీట్లున్న ఆ హాల్లో టికెట్టు కొని కూర్చున్న వాళ్లెవరూ ఈ పూలచుట్లను ఇంత దగ్గరగా చూసి ఉండరు.

ఈ హాలును జాన్ కున్‌స్కీ అనే థియేటర్ల యజమాని కోసం షికాగోకు చెందిన ఆర్కిటెక్టులు రాప్ సోదరులు రూపొందించారు. మూకీ సినిమాల కాలం కాబట్టి పెద్ద వర్లిట్జర్ ఆర్గన్ పెట్టారు. టీవీ వచ్చింది, జనం శివార్లకు తరలిపోయారు, చివరికి సినిమాలు ఆగిపోయాయి. డెబ్బైలలో మిషిగన్ ప్యాలెస్ పేరుతో రాక్ కచేరీలు నడిచాయి. 1976లో అవీ ఆగాయి. ఆర్గన్ అంతకు చాలా ముందే అమ్ముడైపోయింది. విస్కాన్సిన్‌లోని రసీన్‌లో ఒకాయన దాన్ని తన ఇంటి నేలమాళిగలో బిగించుకున్నాడు.

ఖాళీ హాలును కూల్చలేదంటే దానికి కారణం ప్రేమ కాదు, లెక్క. ఆఫీసు భవనం, థియేటర్ ఒకదాన్నొకటి పట్టుకుని నిలిచిన కట్టడాలు. థియేటర్ కూలిస్తే ఆఫీసుకు ముప్పు. అద్దెకున్న ఆఫీసుల వాళ్లేమో కార్లకు చోటు కావాలని పట్టుబట్టారు. దాంతో 1977లో సీట్లు పీకేసి లోపల కాంక్రీటు అంతస్తులు పోశారు.

అసలు విశేషం ఈ స్థలానిది. హెన్రీ ఫోర్డ్ బాగ్లే వీధిలో అద్దెకుంటూ, ఇంటి వెనక షెడ్డులో తన మొదటి బండి తయారుచేసింది ఇక్కడే. 1896 జూన్ 4 తెల్లవారుజామున బయటికి తీయబోతే బండి తలుపులో పట్టలేదు. గొడ్డలి పట్టుకుని ఇటుక గోడ పగలగొట్టి రోడ్డెక్కించాడు. ఆ షెడ్డు నమూనాను డియర్‌బోర్న్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో చూడొచ్చు. ఫోర్డ్ మొదటి కారు పుట్టిన చోట థియేటర్ లేచింది, కార్లు తెచ్చిన మార్పుతో జనం ఊరొదిలి వెళ్లారు, చివరికి థియేటర్‌లోకి కార్లే వచ్చి చేరాయి. 1950లో పద్దెనిమిదిన్నర లక్షలున్న డెట్రాయిట్ జనాభా 2020 నాటికి 6.4 లక్షలకు పడిపోయింది. ఇదంతా చెబుతుంటే మా మేనల్లుడు ఫోన్ జేబులో పెట్టేసి, కమాను దాకా నడిచి వెళ్లాడు. తిరిగొచ్చి, "నేను రోజూ చేసే పని మొదలైంది ఇక్కడేనా మావయ్యా" అని అడిగాడు.

కొందరు ఈ చోటును చూసి ఎంత అవమానమని బాధపడతారు. నేను ఒప్పుకోను. మన ఊళ్లలో ఎన్ని టాకీసులు కళ్యాణమండపాలు, షాపింగ్ కాంప్లెక్సులు అయిపోయాయో తలుచుకుంటే, ఇక్కడ కనీసం తలెత్తి చూడ్డానికి ఒక సీలింగ్ మిగిలింది. మా ఊరి టాకీసు ఉన్న చోట తలెత్తితే కనిపించేవి హోర్డింగులే.

డెట్రాయిట్‌కు పాత హాళ్లను బతికించడం చేతకాదని కాదు. నడిచి వెళ్లేంత దూరంలోనే 1928 నాటి ఫాక్స్ థియేటర్ ఉంది, 1988లో బాగుచేశారు. 1922 నాటి క్యాపిటల్ థియేటర్ 1996 నుంచి డెట్రాయిట్ ఒపేరా హౌస్. మిషిగన్ థియేటర్‌ను అలా మళ్లీ తెరవమని ఎవరూ అడగలేరు, లోపలంతా కాంక్రీటు. కార్లు అక్కడే ఉండనివ్వండి. వాటి అద్దెతోనే కదా ఈ గోడలు ఇన్నాళ్లు నిలిచాయి. కాని పైన మిగిలిన నగిషీకి కట్లు వేసి, వాన నీరు దిగకుండా పైకప్పు చూసుకుని, రాలిపోబోయే పెచ్చుల్ని పట్టి నిలపడం కష్టమైన పనేమీ కాదు. రాలిపోతే మళ్లీ చేసేవాళ్లు లేరు. అది మాత్రం ఇప్పుడే చెయ్యాలి.