కమాను కట్టలూ, కరక్కాయ కషాయమూ

"ఏట్రా, ఉజ్జోగం ఊడిపోనాదేటి?"

పోయిన సంక్రాంతికి గరివిడి వెళ్ళినప్పుడు, పెరట్లో కారు కింద పడుకుని వైరు బ్రష్షుతో గీకుతుంటే పక్కింటి తాతగారు గోడమీంచి అడిగిన ప్రశ్న ఇది. ముఖమంతా తుప్పు పొడి, చేతులనిండా గ్రీజు. ఆయన తప్పేం లేదులెండి. సాఫ్ట్‌వేరు కుర్రాడు సెలవులకి ఇంటికొస్తే లాప్‌టాప్ ముందు కనపడాలి గానీ కారు కింద కాదు కదా!

ఇంతకీ విషయమేమిటంటే, మా ఇంట్లో ఒక పాత అంబాసిడర్ ఉంది. నాన్న ఎప్పుడో సెకండ్‌హ్యాండులో కొన్నారు. 2014 మేలో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి మా షెడ్డు రేకులు ఎగరగొట్టింది. ఆ తర్వాత కారు పెద్దగా రోడ్డెక్కలేదు. పదిహేనేళ్ళు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్లో 600 నుంచి 5,000 అయ్యేసరికి నాన్న "పాత ఇనుము కింద ఇచ్చేద్దాం" అనడం మొదలెట్టారు. "ఆగండి నాన్నా, నేను చూస్తాను" అన్నాను. చదివింది మెకానికల్ ఇంజనీరింగాయె, ఆ మాత్రం ధీమా ఉండదా! నిజం ఒప్పుకోవాలంటే, పరీక్షలో లీఫ్ స్ప్రింగు లెక్కలు బోలెడు చేశాను గానీ, ఆ వస్తువుని చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. దాన్ని మనవైపు కమాను కట్ట అంటారని కూడా చీపురుపల్లిలో లారీల కమాన్లు చేసే మేస్త్రీ దగ్గరకి వెళ్ళాకే తెలిసింది.

ఆయన మొదటి పాఠం కమాను గురించి కాదు. "జాకీ ఎత్తడానికే బాబూ, మొయ్యడానికి కాదు. స్టాండ్లు పెట్టకుండా కిందకి దూరకు." ఈ ఒక్క ముక్కా గుర్తుంచుకుంటే మిగతాదంతా మర్చిపోయినా ఫర్లేదు.

నట్లకి రెండు రోజులు డీజిల్ పోసి నానబెట్టాను. అంబాసిడర్ అసలు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాబట్టి అంగుళాల స్పానర్లు కావాలి, నా దగ్గరున్న మిల్లీమీటర్ల సెట్టు చాలావాటికి పట్టలేదు. యూ-బోల్టులు విప్పి కట్టని కిందకి దించాక, సెంటర్ బోల్టు విప్పే ముందు పట్టీలన్నీ కలిపి క్లాంపుతో బిగించాలి. లేకపోతే ఒక్కసారిగా విడిపోయి ఎగురుతాయి. పట్టీల మధ్య తుప్పు పొరలు పొరలుగా ఊరి ఉంది. ఇనుము కంటే తుప్పుకి ఎక్కువ చోటు కావాలి, అందుకే అది పట్టీలనే విడదీసి కూర్చుంటుంది.

ఇక్కడే నా తెలివి ప్రదర్శించాను. బాత్రూములు కడిగే యాసిడ్ తెచ్చి, బకెట్లో చిన్న బ్రాకెట్లు నానేశాను. రాత్రికి వెండిలా మెరిశాయి. పొద్దున్న లేచేసరికి కొత్త తుప్పు! సరిగ్గా కడిగి ఆరబెట్టలేదు మరి. తర్వాత కమాను పట్టీలు కూడా ముంచుదామని చూస్తుంటే మెటలర్జీలో బట్టీపట్టిన ప్రశ్న గుర్తొచ్చింది: హైడ్రోజన్ ఎంబ్రిటిల్‌మెంట్. గట్టిపరిచిన ఉక్కుని యాసిడ్‌లో పెడితే హైడ్రోజన్ లోపలికి దూరుతుంది, ఉక్కు పెళుసెక్కుతుంది, బరువు పడ్డాక ఎప్పుడో చెప్పకుండా విరుగుతుంది. చాకలి సోడా నీళ్ళలో కరెంటు పెట్టి తుప్పు తీసే పద్ధతిలోనూ ఇదే గొడవ. దాంట్లో ఇంకో ప్రమాదం, రెండో కొసకి స్టెయిన్‌లెస్ స్టీలు కడితే విషపు క్రోమియం నీళ్ళలో కలుస్తుంది. కాబట్టి పట్టీలకి వైరు బ్రష్షూ, ఎమరీ పేపరూ, నా రెక్కలూ తప్ప దారి లేదు.

రస్ట్ కన్వర్టర్ డబ్బా మీద చదివితే టానిక్ ఆమ్లం అని ఉంది. మన కరక్కాయలో ఉండేదీ అలాంటి టానిన్లే! కలంకారీ వాళ్ళు గుడ్డని కరక్కాయ కషాయంలో ముంచి, ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళతో గీస్తే నల్లగీత వస్తుంది. కరక్కాయా అన్నభేదీ కలిపి సిరా చేసిందీ ఈ కిటుకుతోనే. రాలే తుప్పంతా గీకేసి, నేల అడుగున మిగిలిన ఎర్రటి పొర మీద కషాయం పూస్తే నల్లబడింది. అయితే అది పెయింటు కాదు, పైన ప్రైమర్ వెయ్యాల్సిందే. పైగా అంబాసిడర్‌కి లారీలా విడి ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. నేల రేకు తింటే కారు నడుం పోయినట్టే.

అసలు సంగతి రెండో పట్టీ శుభ్రం చేశాక బయటపడింది. నడిమి కన్నం పక్కన వెంట్రుకంత పగులు. వెల్డింగు షాపులో "పది నిమిషాల పని" అన్నారు. మేస్త్రీ దగ్గరకి తీసుకెళ్తే చేతిలో తిప్పి చూసి, "కమానుకి వెల్డింగేటి బాబూ? అతుకు పక్కనే ఇరుగుద్ది" అన్నారు. వేడి చేసి, నూనెలో చల్లార్చి, మళ్ళీ కాస్త కాచి తెచ్చిన బిగువు వెల్డింగు వేడికి పోతుందని మాకు మూడు పేజీల్లో చెప్పారు కాలేజీలో. ఆయన ఒక్క వాక్యంలో తేల్చేశారు. నా కళ్ళముందే కొత్త పట్టీ వంచి, కాచి, నూనెలో ముంచి ఇచ్చారు.

ఆ ఉక్కులో సిలికాన్‌తో పాటు మాంగనీసూ ఉంటుంది. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది 1892లో, మా ఊరివైపు కోడూరులోనే. ఆ ఊరి పేరుతో కోడురైట్ అనే రాయి కూడా ఉంది. 1950లలో శ్రీరామనగర్లో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ వచ్చింది, మా తాత అందులోనే కొలిమి దగ్గర పనిచేశారు. ఆయన మనవడికి కమాను పట్టీ అంటే ఏమిటో తెలియడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది!

తర్వాత పని మామూలే. రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు, పైన నల్ల ఎనామిల్, పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు, రబ్బరు బుష్షులకి మాత్రం గ్రీజు తగలనివ్వకూడదు. కారు చక్రాల మీద నిలబడ్డాకే బుష్షుల బోల్టులు ఆఖరి బిగింపు బిగించాలి. కొన్ని కిలోమీటర్లు తిరిగాక యూ-బోల్టులు మళ్ళీ చూసుకోవాలి.

నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఒక్కటే. మొదట నేను అనుకున్నది పైపైన గీకి నల్లరంగు కొట్టేద్దామనే. అలా చేసుంటే పగులు రంగు కింద నిగనిగలాడుతూ ఉండేది, నాన్న వెనకసీట్లో ఉండేవారు. ఆఫీసులో పాత కోడు మీద కొత్త స్క్రీన్లు అతికించి రిలీజుకి పంపిన ప్రతిసారీ ఇప్పుడు ఆ వెంట్రుక గుర్తొస్తోంది.

ఉగాదికి నాన్నని ఎక్కించుకుని చీపురుపల్లి దాకా వెళ్ళొచ్చాను. గతుకుల్లో కిర్రుమనలేదు. దిగి, వంగి, కిందకి ఒకసారి తొంగిచూసి అన్నారు: "రంగు బాగానే కొట్టేవురా."

పాత ఇనుము మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.